వాక్యం చుట్టూ ఏడు విద్యలు

ఇద్దరు పిల్లలు పాఠానికి కూర్చున్నారు. ఒకడు బుద్ధిగా చదువుకుంటున్నాడు. రెండోవాడికి చదువు మీద ధ్యాస లేదు, నవ్వుతూ పక్కవాడి జుట్టు పట్టుకుని లాగుతున్నాడు. వాళ్ళను కనిపెట్టుకుని కూర్చున్న పంతులమ్మ ఒక చేతిలో తెరిచిన పుస్తకం, ఇంకో చేతిలో బెత్తం పట్టుకుంది. ఏ ఊరి బడికి వెళ్ళినా కంటబడే దృశ్యమే. అయితే ఇది సుమారు 870 ఏళ్ళ కిందట రాతిలో చెక్కిన బడి, ఉన్నది ఒక చర్చి గుమ్మం మీద. ఆ పంతులమ్మ పేరు వ్యాకరణం.

పారిస్‌కు నైరుతి దిక్కున, దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో షార్త్ర్ అనే ఊరుంది. అక్కడి మరియమాత కథెడ్రల్ పడమటి ముఖానికి మూడు గుమ్మాలున్నాయి. వాటికి ఇరువైపులా స్తంభాలను ఆనుకుని పాత నిబంధన కాలపు రాజులూ రాణులూ నిలబడి ఉంటారు. అందుకే దానికి రాజద్వారమని పేరు. 1145కీ 1155కీ మధ్య చెక్కారని పండితుల అంచనా. 1194 జూన్ 10న పెద్ద అగ్నిప్రమాదం జరిగి అప్పటి కథెడ్రల్ చాలా భాగం కాలిపోయింది. ఇప్పుడు మనకు కనిపించే భవనం ఆ తర్వాత లేచింది. పడమటి ముఖం మాత్రం మంటలకు చిక్కకుండా దక్కింది. అలా దక్కిన మూడింటిలో కుడివైపు గుమ్మం గురించే నేను చెప్పబోయేది.

క్రైస్తవ సంప్రదాయ విద్య అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే గ్రంథాల జాబితా ఇవ్వను. ఈ గుమ్మం ఫోటో పెద్దది చేసి చేతిలో పెడతాను. తెలివినీ శీలాన్నీ పడుగూ పేకలా నేసిన చదువు అది. ఆ నేత ఎలా సాగిందో ఈ రాళ్ళు చెప్పినంత స్పష్టంగా చెప్పిన పుస్తకం నాకు ఒక్కటే తెలుసు. దాని దగ్గరకు తర్వాత వస్తాను. ముందు గుమ్మం చూద్దాం.

తలుపుల పైన అర్ధచంద్రాకారంలో పెద్ద రాతిపలక ఉంది. దాని నడుమ మరియమాత సింహాసనం మీద నిటారుగా, మొహం ఎటూ తిప్పకుండా, ఎదురుగా చూస్తూ కూర్చుంది. ఒళ్ళో బాలయేసు. అటూ ఇటూ దేవదూతలు ధూపం వేస్తున్నారు. ఈ భంగిమను మధ్యయుగపు క్రైస్తవులు జ్ఞానసింహాసనం అన్నారు. ఆ పేరులో ఉన్న ఆలోచన చక్కనిది: తల్లే సింహాసనం, ఆమె ఒళ్ళో కూర్చున్నది జ్ఞానం.

పలక కింద రెండు పట్టీలున్నాయి. అడుగు పట్టీలో గాబ్రియేలు దూత మరియకు శుభవార్త చెప్పడం, మరియ ఎలీసబెతును కలుసుకోవడం, యేసు పుట్టుక, గొర్రెల కాపరులకు కబురు అందడం వరసగా చెక్కారు. పై పట్టీలో దేవాలయంలో శిశువును సమర్పించడం. ఇక్కడ శిల్పి చేసిన పని ఒకటి చూడాలి. మూడు అంతస్తుల్లోనూ బిడ్డను సరిగ్గా నడిమి గీత మీదికే తెచ్చాడు. కింద, బలిపీఠంలా ఉన్న తొట్టి మీద పడుకుని ఉన్నాడు. దాని పైన, బలిపీఠం మీద నిలబడ్డాడు. అన్నిటికీ పైన, తల్లి ఒళ్ళో రాజులా కూర్చున్నాడు. పడుకున్న శిశువు నిలబడి, నిలబడ్డవాడు సింహాసనం ఎక్కాడు. 1959లో అడాల్ఫ్ కాట్సెనెలెన్‌బోగెన్ అనే కళాచరిత్రకారుడు ఈ నిలువు గీతకు అర్థం విడమరిచి చెప్పాడు. ఆయన పుస్తకం దొరకనివాళ్ళు కూడా తలుపుల మీద నుంచి పైకి ఒకసారి కళ్ళు నడిపిస్తే చాలు, తెలిసిపోతుంది.

ఈ మొత్తాన్ని చుట్టి వంపు తిరిగిన కమానుల్లో దేవదూతలతోపాటు ఏడుగురు స్త్రీలు కూర్చున్నారు. వాళ్ళే ఏడు విద్యలు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. మొదటి మూడింటినీ కలిపి మూడు దారులు కలిసే చోటు అనీ, తక్కిన నాలుగింటినీ నాలుగు దారుల కూడలి అనీ లాటిన్‌లో పిలిచేవారు. మాటకు సంబంధించినవి మూడు, లెక్కకు సంబంధించినవి నాలుగు. ఒక్కొక్క విద్యకు తోడుగా ఆ విద్యలో ఆరితేరిన ప్రాచీనుడు ఒకడు కూర్చుని రాసుకుంటున్నాడు. రాళ్ళ మీద పేర్లు లేవు. అయినా వ్యాకరణం తోడు దొనాతుస్ లేదా ప్రిస్కియన్ అనీ, తర్కానికి అరిస్టాటిల్, వక్తృత్వానికి సిసెరో, రేఖాగణితానికి యూక్లిడ్, అంకగణితానికి బొయీథియస్, ఖగోళానికి టాలెమీ, సంగీతానికి పైథాగొరస్ అనీ పండితులు పోల్చుకున్నారు.

పని జరిగిన చోట చేతిముద్రలు మిగలకుండా ఉండవు. ఎడమ గుమ్మం కమానుల్లో పన్నెండు రాశులనూ, ఏ నెలలో ఏ పని చేయాలో ఆ పనులనూ చెక్కారు. అక్కడ చోటు చాలక మీనం, మిథునం రెండూ ఇవతలి గుమ్మానికి వచ్చి ఏడు విద్యల పక్కన సర్దుకున్నాయి. నిండిన బస్సులో పక్క సీటులోకి జరిగి కూర్చున్నట్టు ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా ఆ మేస్త్రీలు నాకు మరింత దగ్గరవాళ్ళనిపిస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. సిసెరో, అరిస్టాటిల్, యూక్లిడ్, టాలెమీ, పైథాగొరస్ క్రైస్తవులు కారు. వాళ్ళకు మరియమాత చుట్టూ చోటెలా దొరికింది?

ఇది రాత్రికి రాత్రి జరిగింది కాదు. నాలుగో శతాబ్దంలో బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్‌కు ఈ విషయమే పీడకలగా వచ్చింది. జబ్బుపడి ఉన్నప్పుడు తనను న్యాయపీఠం ముందు నిలబెట్టి, నువ్వు క్రీస్తు మనిషివి కావు, సిసెరో మనిషివని మందలించి కొట్టినట్టు కలగన్నానని ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయనకన్నా కొంచెం చిన్నవాడైన ఆగస్టీన్ ఆ గుండెకోతకు ఒక మందు కనిపెట్టాడు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచివచ్చేటప్పుడు అక్కడి బంగారం వెంట తెచ్చుకున్నట్టే, అన్యుల చదువుల్లో ఉన్న మంచిని తెచ్చుకుని దేవుని పనికి వాడుకోవచ్చన్నాడు. ఆరో శతాబ్దంలో కాసియోడోరస్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. సామెతల గ్రంథంలో జ్ఞానం తన ఇంటికి ఏడు స్తంభాలు చెక్కించుకుంటుంది. ఆ ఏడింటినీ ఈ ఏడు విద్యలకు ముడిపెట్టాడు. షార్త్ర్ శిల్పులు ఆ ముడిని రాతిలోకి దించారు. జెరోమ్‌ను కలలో భయపెట్టిన సిసెరో ఏడువందల ఏళ్ళు దాటాక మరియమాత గుమ్మం మీద నిశ్చింతగా కూర్చున్నాడు. వ్యాకరణం తోడు దొనాతుసే అయితే ఆ సంగతి ఇంకా ముచ్చటైనది. ఆయన జెరోమ్‌కు వ్యాకరణం చెప్పిన గురువు. శిష్యుడు ఏ వాక్యాన్ని అనువదించాడో ఆ వాక్యం పక్కన గురువుకు చోటు దక్కింది.

వాక్యం అన్న మాట తెలిసే వాడాను. ఈ గుమ్మం అర్థం తెలుగువాడికి తొందరగా అందుతుందని నా నమ్మకం. యోహాను సువార్త మొదట్లో క్రీస్తును గ్రీకులో ఏ మాటతో పిలిచారో, మన తెలుగు బైబిలు దానికి వాక్యము అన్న మాట వాడింది. అదే మాటను బడిలో కర్త, కర్మ, క్రియ చెప్పేటప్పుడు వాడతాం. ఆదివారం గుడిలో విన్నదీ, సోమవారం నోటుపుస్తకంలో రాసుకున్నదీ ఒకే మాట. నా చిన్నప్పుడు ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదనుకునేవాణ్ణి. సంబంధం ఉందని ఈ గుమ్మం చెబుతోంది. మరియమాత ఒళ్ళో ఉన్నది శరీరం ధరించిన వాక్యం. చుట్టూ కూర్చున్నవి వాక్యాన్ని సరిగా చదవడం, సరిగా తూచడం, సరిగా పలకడం నేర్పే విద్యలు. మాట దైవస్వరూపమైతే మాటను నిర్లక్ష్యం చేయడం తప్పుల పట్టికలో ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. క్రియను కర్తతో పొసగేలా వాడడం కూడా ఒక నిజాయితీయే.

వ్యాకరణం పక్కనే సంగీతం కూర్చుంది. ఆమె ఒళ్ళో తంత్రీవాద్యం ఉంది, మరో వాద్యం వెనక వేలాడుతోంది. చేతిలో చిన్న సుత్తి. దానితో వరసగా వేలాడే గంటలను కొడుతోంది. సుత్తి ఎందుకంటే, పైథాగొరస్ ఒక కమ్మరి కొలిమి ముందు నుంచి పోతూ సుత్తి దెబ్బల్లో శ్రుతులు విని, ఆ శ్రుతులకు మూలం సంఖ్యల్లో ఉందని కనిపెట్టాడని ఒక కథ. దాన్ని మధ్యయుగానికి అందించినవాడు బొయీథియస్. సుత్తుల బరువులతో ఆ లెక్క నిజానికి కుదరదు, తీగల పొడవుతో కుదురుతుంది. తీగను సగానికి నొక్కితే పై స్థాయి షడ్జమం పలుకుతుంది. మూడింట రెండు వంతులకు నొక్కితే పంచమం, నాలుగింట మూడు వంతులకు మధ్యమం. వీణ పట్టినవాళ్ళెవరికైనా ఇది చేతివేళ్ళకు తెలిసిన సంగతే. వినడానికి ఇంపుగా ఉన్నది లెక్కకూ కుదురుతుందని తెలిసినప్పుడు ఆ కాలపు విద్యార్థి మనసులో కలిగిన ఆశ్చర్యాన్ని భక్తి నుంచి విడదీయలేం. లోకాన్ని ఒక శ్రుతిలో పెట్టినవాడున్నాడని అతనికి అనిపించేది.

ఈ గంటల కింద పైథాగొరస్ వంగి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద రాతపలక, నుదుటి మీద ముడతలు, జుట్టూ గడ్డమూ ఒత్తుగా దిగి ఉన్నాయి. ఆయన మనవైపు చూడడు. గుమ్మానికి ఇరువైపులా నిలబడ్డ రాజులూ రాణులూ ఎంత నిబ్బరంగా, ప్రశాంతంగా ఉంటారో ఈ రాసుకునేవాళ్ళు అంత శ్రమలో ఉంటారు. అరిస్టాటిల్ అప్పుడే కలాన్ని సిరాబుడ్డిలో ముంచుతున్నాడు. శిల్పి తలచుకుంటే వీళ్ళ తలల చుట్టూ తేజోవలయాలు చెక్కకపోయినా కనీసం గంభీరంగా కూర్చోబెట్టి గౌరవించేవాడు. అలా చేయలేదు. చదువును పనిగా చూపించాడు. మెడ నొప్పి పుట్టే పని, వీపు వంగే పని. తాను ఉలితో చేస్తున్నదీ, వాళ్ళు కలంతో చేస్తున్నదీ ఒక్క జాతి పని అని ఆ మేస్త్రీకి తెలుసు. ఈ కుడి గుమ్మంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

ఇక పుస్తకం. సాలిస్‌బరీ జాన్ అనే ఆంగ్లేయుడు 1136లో చదువు కోసం ఫ్రాన్సు వచ్చి పన్నెండేళ్ళు గురువుల చుట్టూ తిరిగాడు. 1159లో ‘మెటాలొజికాన్’ అనే పుస్తకం రాసి, అప్పటికి ఇంగ్లండు రాజుగారి ఛాన్సలర్‌గా ఉన్న థామస్ బెకెట్‌కు అంకితమిచ్చాడు. తర్వాత 1176లో షార్త్ర్‌కే బిషప్పుగా వచ్చి, 1180లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అంటే తన చివరి నాలుగేళ్ళూ ఈ గుమ్మం ఉన్న కథెడ్రల్‌కే ఆయన పెద్ద. ఆ పుస్తకం మొదటి భాగంలో షార్త్ర్ బెర్నార్డ్ అనే ఉపాధ్యాయుడు పాఠం ఎలా చెప్పేవాడో రాశాడు. బెర్నార్డ్ 1120ల నాటివాడు. జాన్ ఆయన దగ్గర స్వయంగా చదవలేదు, ఆయన పద్ధతిలో చెప్పిన గురువుల దగ్గర చదివాడు. అయినా ఆ వర్ణనలో తరగతి గది కళ్ళకు కడుతుంది.

బెర్నార్డ్ ఒక పాత గ్రంథం తీసేవాడు. వర్జిల్ అనుకోండి. పుటలో ముందు సులభమైనదీ, నియమానికి లోబడినదీ చూపించేవాడు. తర్వాత వ్యాకరణ విశేషాలు, అలంకారాలు, వాదంలో మోసగించే మలుపులు, ఈ భాగానికి ఇతర శాస్త్రాలతో ఉన్న సంబంధం ఎత్తిచూపేవాడు. అన్నీ ఒక్కరోజే గుమ్మరించేవాడు కాదు. వినేవాడి పాత్ర ఎంతో చూసి అంతే పోసేవాడు. ఏ విశేషణం ఏ నామవాచకానికి నప్పుతుందో, ఏ మాట తన సొంత అర్థం నుంచి ఇంకో అర్థానికి ఎందుకు జరిగిందో విడమరిచేవాడు. అలా ఒకే పుటలో మూడు విద్యలూ నడిచేవి. వ్యాకరణానికి ఒక గంట, నీతికి ఇంకో గంట అని విడివిడిగా ఉండేవి కావు.

మర్నాడు ప్రతి విద్యార్థీ ముందురోజు విన్నదానిలో కొంత అప్పజెప్పాలి. ఒకడు ఎక్కువ, ఒకడు తక్కువ, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు. అలా ప్రతి రోజూ ముందురోజు దగ్గర శిష్యరికం చేసేది. మన వీధిబడిలో అమరకోశం వల్లెవేసిన తరానికి ఇది కొత్త కాదు. అయితే బెర్నార్డ్ కంఠతాతో ఆగలేదు. రోజూ పిల్లల చేత వచనం రాయించేవాడు, పద్యం రాయించేవాడు, ఒకరిది ఒకరి చేత పోల్చి చూపించేవాడు.

అప్పజెప్పనివాళ్ళకు దెబ్బలు పడేవని కూడా జాన్ దాచకుండా రాశాడు. రాతి పంతులమ్మ చేతిలోని బెత్తం అలంకారం కోసం పెట్టింది కాదు. ఈ ఒక్క విషయంలో ఆ బడిని నేను మెచ్చుకోలేను. పాఠం చెప్పే పనిలో చాలా ఏళ్ళున్నవాణ్ణి. భయంతో కంఠతా వచ్చిన పద్యం భయం పోగానే పోవడం కళ్ళారా చూశాను. అయినా శిల్పిని మెచ్చుకోకుండా ఉండలేను. బెత్తం ఉన్నా జుట్టు లాగే పిల్లవాడు నవ్వడం మానలేదు. ఆ నవ్వును పవిత్రమైన గుమ్మం మీద చెక్కడానికి శిల్పి వెనుకాడలేదు. పిల్లలు పిల్లల్లాగే ఉంటారని తెలిసినవాడు.

బెర్నార్డ్ తరగతిలో నా మనసును పట్టుకున్న సంగతి వేరే ఉంది. ఒక విద్యార్థి తన రచనను మెరిపించడానికి ఎవరో మహాకవి వాక్యం ఎత్తుకొచ్చి అతుకు వేశాడనుకోండి. పాత గుడ్డకు పట్టుగుడ్డ మాసిక వేసినట్టు అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బెర్నార్డ్ ఆ దొంగతనాన్ని వెంటనే పట్టుకునేవాడు, పట్టుకున్నానని అందరి ముందూ చెప్పేవాడు. మామూలుగా దానికి దండన ఉండేది కాదు. పిల్లవాడు చేతగాక ఎత్తుకొచ్చాడని తెలిస్తే దగ్గరికి తీసి, ఆ కవి మాటలు కాజేయడం కాదు, ఆ కవి అలా ఎలా రాయగలిగాడో చూసి దాన్ని అనుకరించమని పంపేవాడు. ఇవాళ నువ్వు పెద్దలను అనుకరిస్తే రేపు నిన్ను అనుకరించేవాళ్ళు పుడతారని ఆయన ఆశ. దొంగ దగ్గర దొంగసొత్తు తీసుకుని, దాన్ని ఎలా సంపాదించుకోవచ్చో నేర్పి పంపిన గురువును నేను ఇంకెక్కడా చూడలేదు. నిజాయితీ మీద ఉపన్యాసం అక్కడ లేదు. వాక్యం దిద్దడంలోనే నిజాయితీ పాఠం అయిపోయింది. తెలివినీ శీలాన్నీ విడదీయకుండా పెంచడమంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ తరగతి గదిలోనే.

సాయంకాలం ఇంకో పాఠం ఉండేది. అందులో వ్యాకరణం ఎంత దట్టంగా ఉండేదంటే, మరీ మందబుద్ధి కాకపోతే ఏడాది పాటు వచ్చినవాడికి రాయడం, మాట్లాడడం చేతికొచ్చేవట. ఆ సాయంత్రం పాఠానికి ఎంచుకునేవి విశ్వాసాన్నీ ప్రవర్తననూ నిలబెట్టే విషయాలు. చివర నూట ముప్పయ్యో కీర్తనా, పరలోకప్రార్థనా చెప్పి చనిపోయినవాళ్ళ ఆత్మలను దేవునికి అప్పగించి లేచేవాళ్ళు. ఉదయం వర్జిల్, పొద్దుగూకాక కీర్తన. మధ్యలో గోడ ఏమీ లేదు. ఉదయం పుటలో మాటల బరువు తూచడం అలవాటైన నోరే సాయంత్రం కీర్తన పలికింది. ఇది గుమ్మం కమాను చేసే పనే. చూపును చుట్టూ తిప్పి నడిమికి చేరుస్తుంది.

చదవకూడనిది ఏమిటో తెలియడం కూడా బెర్నార్డ్ దృష్టిలో చదువే. దొరికిన ప్రతి రాతగాణ్ణీ చదవడం మనసుకు బరువు. కొన్ని తెలియకపోవడం వ్యాకరణపండితుడికి శోభ అని ఆయన లెక్క. చదువుకు ఆరు తాళంచెవులు ఉన్నాయని కూడా ఆయన అనేవాడట: అణకువ, నేర్చుకోవాలన్న తపన, నిమ్మళమైన జీవితం, మౌనంగా వెతకడం, పేదరికం, పరాయి ఊరు. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా తెలివితేటల గురించి కాదు. అన్నీ మనిషి నడతకు సంబంధించినవే. పెట్టె చేతబట్టి ఊరు విడిచి హాస్టల్లో చేరిన ఏ పేద తెలుగు పిల్లవాడికైనా చివరి రెండు చెవులూ చేతిలోనే ఉంటాయి. ప్రాచీనులనే దిగ్గజాల భుజాల మీద కూర్చున్న మరుగుజ్జులం మనం, అందుకే వాళ్ళకన్నా దూరం చూస్తున్నాం అన్న పోలికను కూడా జాన్ బెర్నార్డ్ పేరుతోనే చెప్పాడు. తర్వాతి శతాబ్దంలో ఇదే కథెడ్రల్ దక్షిణపు రంగుటద్దాల్లో నలుగురు సువార్తికులు నలుగురు ప్రవక్తల భుజాలెక్కి కూర్చున్నారు. మత్తయి యెషయా మీద, లూకా యిర్మీయా మీద, యోహాను యెహెజ్కేలు మీద, మార్కు దానియేలు మీద.

తర్కం చేతిలో ఏముందో చెప్పకుండా వదలకూడదు. ఆమె ఒక చేతిలో కుక్కతల ఉన్న ఏదో విషజంతువు పట్టుకుంది. కాటు వేసేది, అయినా చేతికి లొంగి ఉన్నది. తర్కం ఒంటరిగా ఉంటే ఏమవుతుందో జాన్ తన కళ్ళతో చూశాడు. ఏళ్ళ తర్వాత పారిస్ వెళ్ళి సెయింట్ జెనెవీవ్ కొండ మీద తన పాత సహాధ్యాయులను కలిశాడు. వాళ్ళు అప్పుడు ఎక్కడ ఉన్నారో అక్కడే ఉన్నారు. అవే ప్రశ్నలు, అవే వాదాలు. ఒక్క చిన్న ప్రతిపాదన కూడా కొత్తగా చేర్చలేదు, పెరిగింది పట్టుదల మాత్రమే. తర్కం ఇతర విద్యలకు చేయూత ఇస్తుంది, ఒంటరిగా మాత్రం గొడ్డుపోతుందని ఆయన ముగించాడు. గుమ్మం మీద తర్కానికి సింహాసనం లేదు, వంపులో ఒక చోటు ఉంది. ఆ చోటే ఆమెకు న్యాయమైనదని రాయి చూసినా తెలుస్తుంది.

జాన్ ఈ పుస్తకం రాయడానికి ప్రేరణ ఒక ప్రత్యర్థి. అతనికి కార్నిఫిషియస్ అని మారుపేరు పెట్టాడు. వాక్చాతుర్యం పుట్టుకతో వస్తుంది, వ్యాకరణాల మీద ఏళ్ళు తగలేయడం దండగ, తొందరగా పని ముగించి డబ్బు వచ్చే దారి పట్టాలి అన్నది అతని బృందం వాదన. వాళ్ళలో కొందరు సలెర్నోకో మోంపెలియేకో వెళ్ళి నాలుగు రోజుల్లో వైద్యులై తిరిగొచ్చారని, కొందరు రాజాస్థానాల్లో చేరారని జాన్ రాశాడు. బెర్నార్డ్ పద్ధతిలో చెప్పిన తన గురువులు కూడా చివరకు ఈ తొందరపాటు జనం ముందు నిలవలేక పాఠాలు మానుకున్నారని బాధపడ్డాడు. పన్నెండో శతాబ్దపు ఫ్రాన్సు మాట ఇది. మన ఊళ్ళలో పదో తరగతి అయిన పిల్లవాడికి తెలుగు మానేసి, ఎక్కువ మార్కులు వచ్చే సబ్జెక్టు తీసుకోమని సలహా ఇచ్చేవాళ్ళను తలచుకుంటే జాన్ బాధ నాకు పరాయిదిగా తోచదు.

1947లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి ఒక ఉపన్యాసంలో ఈ పాత విద్యను మళ్ళీ గుర్తు చేసింది. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం మూడింటినీ పిల్లల వయసులోని మూడు దశలకు ముడిపెట్టింది. ఇవాళ అమెరికాలో సంప్రదాయ క్రైస్తవ పాఠశాలలుగా పేరుబడ్డవి చాలావరకు ఆ ఉపన్యాసం వేసిన దారిలో నడుస్తున్నాయి. మంచి ప్రయత్నమే, మెచ్చుకోవాల్సిందే. నా అభిప్రాయంలో మాత్రం బెర్నార్డ్ తరగతి ఇంతకన్నా లోతైనది. ఆయన ఈ మూడింటినీ వయసుల వారీగా పంచలేదు, ఒక్క పుట మీద మూడింటినీ కలిపాడు. గుమ్మం మీద కూడా ఏడుగురూ ఒకేసారి పనిలో ఉన్నారు.

రాజద్వారం చెక్కుతున్న కాలంలోనే షార్త్ర్ ఛాన్సలర్‌గా ఉన్న థియరీ అనే పండితుడు ఏడు విద్యల పాఠ్యగ్రంథాలన్నింటినీ రెండు పెద్ద సంపుటాలుగా కూర్చాడు. పాత నిబంధన మొదటి ఏడు పుస్తకాలను కలిపి పిలిచే పేరునే దానికీ పెట్టాడు: ‘హెప్టాట్యూకాన్’. నాలుగు గణితవిద్యలూ బుద్ధికి వెలుగునిస్తాయి, మూడు వాగ్విద్యలూ ఆ బుద్ధికి నోరిస్తాయి, వాటికి పెళ్ళి చేయాలన్నది ఆయన ముందుమాటలోని సారం. గుమ్మం మీద ఏ విద్య పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో శిల్పులకు చెప్పిన పెద్దల్లో ఆయన కూడా ఉండి ఉంటాడని చాలామంది నమ్మకం. ఆ రెండు సంపుటాలూ 800 ఏళ్ళు షార్త్ర్‌లోనే భద్రంగా ఉండి, 1944లో బాంబుదాడిలో ఊరి గ్రంథాలయంతోపాటు కాలిపోయాయి. అంతకుముందే తీసి ఉంచిన మైక్రోఫిల్ములే ఇప్పుడు పండితులకు ఆధారం.

గుమ్మం నిలిచే ఉంది. ఎప్పుడైనా పారిస్ వెళితే ఒక పూట షార్త్ర్‌కు కేటాయించండి, రైలులో గంట ప్రయాణం. కథెడ్రల్ చేరగానే రంగుటద్దాల కోసం లోపలికి పరుగెత్తకండి. కుడి గుమ్మం ముందు కాసేపు ఆగి కమాను అడుగుభాగాన వెతకండి. జుట్టు లాగుతున్న ఆ పిల్లవాడు ఇంకా నవ్వుతూనే ఉంటాడు.